మేనమామను మాయం చేసిన మిక్సింగ్

తాండూరులో ఒక కందుల సేటు ఇంట్లో, ఇరువైపుల చుట్టాలూ కిటకిటలాడుతూ కూర్చున్న హాల్లో, పెళ్లికూతురి మేనమామను ఆయన కళ్లముందే మాయం చేసి, దానికి చప్పట్లు కూడా కొట్టించుకున్న ఘనురాలిని నేను. ఇంద్రజాలం చేస్తాననుకునేరు, అదేం లేదు. పెళ్లి వీడియోలు చేసుకుని బతికే మామూలు మనిషిని. ఆ రోజు ఆ ఇంట్లోంచి నా చెప్పులు నేనే వేసుకుని బయటికి నడిచి రావడం నా జీవితంలోని గొప్ప విజయాల్లో ఒకటి. ఎలా రాగలిగానో చెబుతాను. ముందు ఎలా ఇరుక్కున్నానో వినండి.

మాది వికారాబాద్. స్టేషన్ రోడ్డులో సత్తన్న స్టూడియోలో నా ఉద్యోగం. మా దగ్గర ఎడిటింగ్ అనే మాట ఎవరి నోటా రాదు, అందరూ మిక్సింగ్ అనే అంటారు. "పెండ్లి అయిపోయింది, మిక్సింగ్ ఎప్పుడైతది?" అని అడుగుతారు, అదేదో కాంక్రీటు పోస్తున్నట్టు. డిగ్రీ అయ్యాక ఏ పని దొరికితే అది చేద్దామని వెళ్లిన నాకు ఆ కాంక్రీటు పని నేర్పింది సత్తన్నే.

నేను చేరినప్పుడు స్టూడియోలో కంప్యూటర్ లేదు. రెండు వీసీఆర్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో పెళ్లి తిరుగుతుంటే, కావలసిన ముక్క వచ్చినప్పుడు రెండోదాంట్లో రికార్డు బటన్ నొక్కాలి. సత్తన్న రెండు చేతులూ రెండు మిషన్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మితే, తాళి కట్టబోతున్న చెయ్యి సగంలో ఆగిపోయి, దాని వెనకే సాంబారు పోస్తున్న చెయ్యి వచ్చేది. అంతా అయ్యాక పెళ్లివాళ్లు వచ్చి, "మా చిన్నత్త పడలేదు, జర నడుమల పెట్టు సత్తన్నా" అన్నారంటే, చిన్నత్తను పెట్టిన చోటు నుంచి చివరిదాకా మళ్లీ మొత్తం ఎక్కించుకోవాలి. ఒక చిన్నత్త కోసం సత్తన్న పూర్తిగా రెండు రోజులు కూర్చోవడం నేను చూశాను. ఆ చిన్నత్త ఎదురుపడితే ఇప్పటికీ ఆయన రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతాడు.

తరవాత ఒక రోజు కంప్యూటర్ వచ్చింది. సత్తన్న దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేర్పడానికి వచ్చినాయన అప్పగింతల మధ్యలో తలంబ్రాల ముక్క ఒకటి తెచ్చి పడేశాడు. వెనక ఉన్న వీడియో అంతా దానంతట అదే పక్కకు జరిగి చోటిచ్చింది. సత్తన్న లేచి నిలబడ్డాడు.

"శోభా! జరిగింది సూడు! తనంత తనే జరిగింది!"

"ఆఁ అన్నా, జరిగింది."

"ఇంకోపారి జరుపుమను!"

ఆ మధ్యాహ్నమంతా ఆ తలంబ్రాలు ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉన్నాయి. చివరికి ఆ నేర్పేవాయన, పొరపాటు చేస్తే వెనక్కి తీసుకునే బటన్ కూడా ఉందని చూపించాడు. సత్తన్న ఆ బటన్‌ను వేలితో తడిమి చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు: "తప్పు జేస్తే మాఫ్ చేస్తదా? గింత సాఫ్ దిల్ మనిషికి గూడ ఉండదు శోభా."

ఆయన భక్తి నాకూ అంటుకుంది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ వదలలేదు. మసక వెలుతురులో తీసిన పెళ్లిని ఉదయపు ఎండలోకి తెస్తుంది. బ్యాండు మోతలోంచి పంతులుగారి మంత్రాన్ని వేరు చేసి వినిపిస్తుంది. వానలో తడిసి ముద్దయిన బరాత్‌కు నీలాకాశం పరుస్తుంది. పెద్ద సినిమాల వాళ్లు ఎక్కడో అద్దాల గదుల్లో కూర్చుని చేసే పనిని మా స్టేషన్ రోడ్డులో, పక్కన మిర్చి బజ్జీల బండి పొగ వస్తుండగా నేను చేస్తున్నానంటే, నాకు గర్వం రాకుండా ఉంటుందా చెప్పండి? వచ్చింది. బాగానే వచ్చింది. ఇక ఈ మధ్య మనుషుల మొహాలు గుర్తుపట్టి, వద్దనుకున్నవాళ్లను వీడియో మొత్తంలోంచి తీసేసి, వాళ్ల వెనకాల ఏముండేదో అదే ఊహించుకుని నింపే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చేసరికి, నా నడకే మారిపోయింది. ఆ నడకతోనే వెళ్లి గోతిలో పడ్డాను.

తాండూరు విఠల్ సేటుది కందుల వ్యాపారం. ఆయన కూతురు శ్రావణిని మా వికారాబాద్ అబ్బాయికే ఇచ్చారు. పెళ్లి తాండూరులో ఘనంగా జరిగింది. మా కెమెరా వాళ్లు వెళ్లారు, నేను వెళ్లలేదు. సత్తన్న ముక్కలన్నీ కత్తిరించి, వరస పేర్చి, రంగులూ మెరుగులూ నువ్వు చూసుకో అని నాకప్పగించి, ఇంకో పెళ్లి పని మీద పరిగి వెళ్లాడు. అంటే ఆ పెళ్లిలో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు అణువంత కూడా తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా తరఫున చెప్పుకోడానికి నాకున్న మాట అదొక్కటే.

అప్పుడు విఠల్ సేటు ఫోన్ చేశాడు.

"శోభమ్మా, వీడియో మస్తు రావాలె. ఆదివారం అల్లుడోళ్లు అందరు మా ఇంటికి వస్తున్నరు. భోజనాలైనంక హాల్ల పెద్ద టీవీల ఏస్త."

"ఫికర్ చెయ్యకుర్రి సేటు. అందరు నోరు తెరుచుకొని చూడాలె, గట్ల చేస్త."

ఈ మాట అక్షరాలా నిజమైంది, కాకపోతే నేననుకున్న పద్ధతిలో కాదు. సేటు గొంతు హఠాత్తుగా తగ్గించాడు.

"ఇంకో మాటమ్మా. వీడియోల ఒగాయన ఉంటడు. నీలం అంగి. ఏడ సూసినా గాయనే. తాళి కట్టేకాడ గాయనే, తలంబ్రాలకాడ గాయనే. పెండ్లి గాయనదా, మా బిడ్డదా సమజైత లేదు. జర గాయన్ని తీసెయ్యరాదు?"

"తీసేస్త సేటు. ఎవరాయన? పేరేంది?"

"పేరు... ఇక్కడ మనుషులున్నరమ్మా, చెప్పరాదు."

"మీసాలున్నయా?"

"ఆఁ, ఉన్నయున్నయి. అన్నిట్ల ఉంటడు, నువ్వే గుర్తుపడ్తవు." ఫోన్ పెట్టేశాడు.

ఇంత సులువైన పనా అనుకున్నాను. పెళ్లి మొత్తాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి, ఎక్కువగా కనిపించే మొహాలను వరసగా చూపించమన్నాను. అది కాసేపు ఆలోచించి చూపించింది. మొదట పెళ్లికూతురు. తరవాత పెళ్లికొడుకు. ఆ వెంటనే మూడో స్థానంలో, పంతులుగారిని కూడా వెనక్కి నెట్టేసి, ఒక పెద్దమనిషి. నీలం చొక్కా. దిట్టమైన శరీరం, పెద్ద మీసాలు.

"దొరికినవా!" అని పైకే అన్నాను.

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారు? సేటుకు ఆ ఫొటో పంపి, ఈయనేనా అని అడిగేవారు కదా. అది మామూలు మనుషులు చేసే పని. నేను ఆ మొహం మీద గీత గీసి, ఇతను ఎక్కడ కనిపించినా తీసెయ్ అని ఆజ్ఞాపించాను.

మిషన్ రోజంతా గుర్రుమంటూ పని చేసింది. అయ్యాక తాళి కట్టే ఘట్టం పెట్టి చూశాను. మీసాలాయన నిలబడ్డ చోట ఇప్పుడు బంతిపూల తెర ఉంది. ఒక్కో పువ్వు మీదా వెలుగు సరిగ్గా ఎటు నుంచి పడాలో అటు నుంచే పడుతోంది. గాలికి ఆ పక్క పూలు ఊగితే ఈ లేని పూలు కూడా ఊగుతున్నాయి. అక్కడ ఒక మనిషి ఉండేవాడంటే వాళ్లమ్మ కూడా నమ్మదు. నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఒక్క ఘట్టాన్నే మళ్లీ మళ్లీ చూసుకుని మురిసిపోతుంటే సత్తన్న ఫోన్ చేశాడు.

"మొత్తం ఒకపారి సూసి ఇయ్యి బిడ్డా."

"కంప్యూటర్ చూసుకుంటదన్నా. దానికి తెల్వదా?"

"దానికి తెలుస్తది. నువ్వు సూడు."

నేను చూడలేదు. ఆదివారం ఉదయం పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని, పట్టుచీర కట్టుకుని తాండూరు రైలెక్కాను. పొగడ్తలు వినడానికి ఉత్త చీర కట్టుకుని వెళితే బాగుండదు కదా.

విఠల్ సేటు ఇల్లు నిండుగా ఉంది. నున్నగా పాలిష్ చేసిన నాపరాయి నేల మీద జంపఖానాలు పరిచి, పెద్ద టీవీ ముందు కుర్చీలు వేశారు. సేటు భార్య సరోజమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, భక్ష్యం మీద నెయ్యి పోసి పక్కనే కూర్చుంది.

"ఒకటి అడుగుత బిడ్డా. మా తమ్ముడు బుట్ట మోసేది మంచిగ పెట్టినవా?"

"మస్తు పెట్టినమమ్మా," అన్నాను, నోట్లో భక్ష్యంతో. ఏ బుట్టో, ఏ తమ్ముడో నాకు తెలియదు. కానీ మా వీడియోలో ఏదైనా మంచిగానే ఉంటుందని నమ్మకం.

"మా తమ్ముడు శంకర్‌కు ఇక్కడనే బండల పాలిష్ మిషన్ ఉన్నది. ఏదో జాగ పంచాయితిల మా ఆయనకు, వానికి మాటలు బందైనయి. ఎన్నో ఏండ్లు మా గడప తొక్కలే. పెండ్లి అనంగనే తనంత తనే వచ్చిండు. పనంత మీదేసుకున్నడు. పిల్లను బుట్టల కూసోబెట్టి మండపానికి తెచ్చేటప్పుడు నలుగురు పట్టుకుంటమంటే వద్దన్నడు. 'నా మేనగోడల్ని నేనొక్కణ్ణే మోస్త' అన్నడు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గది సూడాలని మా అమ్మ గూడ సేడం నుంచి వచ్చింది. అగో, వానే! శంకర్, ఇటు రా!"

గుమ్మంలోంచి ఒకాయన నవ్వుతూ వస్తున్నాడు. దిట్టమైన శరీరం. పెద్ద మీసాలు.

నా నోట్లో భక్ష్యం ఆగిపోయింది. ఆ మొహం నాకు మా నాన్న మొహం కన్నా బాగా తెలుసు. దాని చుట్టూ నా చేత్తో నేనే గీత గీశాను.

"గీ అమ్మనేనా మిక్సింగ్ చేసింది?" అన్నాడు శంకరన్న. "మంచిగ పెట్టినవా చెల్లే నన్ను? మా బండల మిషన్ కాడోళ్లకు గూడ చెప్పిన, ఒక కాపీ తెచ్చి సూపిస్తనని."

"మీరు... ఆ రోజు నీలం అంగి వేసుకున్నరా అన్నా?"

"ఆఁ, కొత్తది. మంచిగ కనబడ్తుందా?"

కనబడుతుందా అని ఆయన నన్నడిగాడు. నేను నీళ్లు తాగాను. లేచి హాల్లోకి పరుగెత్తాను. అప్పటికే అందరూ కూర్చున్నారు. ముందు వరసలో శంకరన్నకు కుర్చీ వేశారు, పక్కనే వాళ్లమ్మకు. నేను రాగానే సేటు చేతికిచ్చిన పెన్‌డ్రైవ్ టీవీకి ఎక్కేసింది.

"సేటు, జర ఆగుర్రి. వీడియోల చిన్న పని మిగిలింది. రేపు తెస్త."

"రేపు ఎట్లమ్మా? అల్లుడోళ్లు ఇయ్యాలనే పోతరు."

"టీవీ రంగు తేడా ఉన్నట్టుంది సేటు."

"మొన్ననే కొన్న."

"కరెంటు పోతదేమో..."

"ఇన్వర్టర్ ఉన్నది," అన్నాడు సేటు గర్వంగా, రిమోట్ నొక్కాడు.

మొదట స్వాగతం. మగపెళ్లివారు కారు దిగుతున్నారు. పెళ్లికొడుకు తండ్రి చేతులు జాపి, ఎవరూ లేని గాలిని ఆప్యాయంగా కౌగిలించుకుని, వీపు కూడా తట్టాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత బరాత్. పెళ్లికొడుకు తల మీద పట్టు గొడుగు, పట్టుకున్నవాడు లేకుండా, తనంతట తానే ఊగుతూ నడిచింది. మగపెళ్లివారి వైపు నుంచి ఒక్కసారిగా చప్పట్లు.

"ఏం గ్రాఫిక్స్ రా బై! హైదరాబాద్‌ల గూడ గిట్ల చెయ్యరు!"

విఠల్ సేటు ఉప్పొంగిపోయి నన్ను చూపించాడు. "మన వికారాబాద్ పిల్లనే చేసింది!" అందరూ నా వైపు తిరిగారు. ఏం చెయ్యమంటారు? చేతులు జోడించి తల వంచాను. ఉరికంబం మీద సన్మానం చేయించుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

భోజనాల ఘట్టం వచ్చింది. పప్పు బకెట్ ఒకటి వరసల మధ్య వడివడిగా వెళుతూ, వంగి వంగి అందరికీ వడ్డిస్తోంది. ఎవరో ముసలాయన చాలు చాలని బకెట్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. అయినా బకెట్ బలవంతంగా ఇంకో గరిటె వేసింది. జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు వరసలో శంకరన్న మాత్రం నవ్వడం లేదు. మెడ చాచి టీవీలో ఏదో వెతుక్కుంటున్నాడు.

సేటు కూడా నవ్వడం మానేశాడు. ఎందుకంటే ప్రతి ఘట్టంలోనూ, మండపం ముందూ, పంతులు పక్కనా, కెమెరాకు అడ్డంగా నీలం చొక్కా వీపు ఒకటి చేతిలో ఫోన్ ఎత్తిపట్టుకుని దర్జాగా నిలబడే ఉంది. అది పెళ్లికొడుకు బావ రమేశ్‌ది. ఇప్పుడు ఆయన సేటు పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. పెళ్లంతా ఆయన కెమెరాకు వీపు పెట్టే నిలబడ్డాడు కాబట్టి కంప్యూటర్ ఆయన మొహం చూసిందే లేదు. చూడని మొహాన్ని అది మాత్రం ఎలా వెతుకుతుంది? ఎక్కువగా కనిపించిన మొహాన్ని చూపించింది. పెళ్లిలో పెళ్లికూతురు, పెళ్లికొడుకుల తరవాత ఎక్కువగా కనిపించేది ఎవరు? పనంతా చేసేవాడే కదా. ఇంత చిన్న విషయం నాకు ఆ కుర్చీల వెనక నిలబడ్డాక అర్థమైంది.

అప్పుడు బుట్ట వచ్చింది.

సన్నాయి మోగుతోంది. తలుపు తెరుచుకుంది. పట్టుచీరలో, తలంతా పూలతో శ్రావణి కూర్చున్న వెదురు బుట్ట, నేలకు ఛాతీ ఎత్తున, ఏ ఆధారమూ లేకుండా గాలిలో తేలుతూ మండపం వైపు వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగి, బరువు సర్దుకున్నట్టు కొంచెం పైకి ఎగిరి, మళ్లీ సాగింది. అంత అందంగా, అంత నిజంగా ఉంది ఆ దృశ్యం. ఈ అవమానంలో కూడా నా మనసులో ఒక మూల, ఆ నీడను కూడా ఎంత నీట్‌గా తీసిందో చూడు అని మెచ్చుకుంటోంది. మగపెళ్లివారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చప్పట్ల మధ్య శంకరన్న తల్లి గొంతు సన్నగా వినిపించింది. కర్ణాటక వైపున్న సేడంలో ఉండే ఆమెకు తెలుగు కన్నా కన్నడమే ఎక్కువ వచ్చు.

"నన్న మగ ఎల్లి హోద?" నా కొడుకు ఎక్కడికి పోయాడని అడుగుతోంది. టీవీ దగ్గరికి నడిచి, బుట్ట కింద ఖాళీని వేలితో తడిమింది. "ఇల్లే ఇద్దనల్ల, ఎల్లి హోద?"

ఇక్కడే ఉన్నాడు కదా అంటోంది. చప్పట్లు ఆగిపోయాయి. సేటు టీవీ ఆపాడు. శంకరన్న మెల్లగా లేచాడు.

"అక్కా, నేన్ పెండ్లికి వచ్చిన్నా, రాలేదా?"

"వచ్చినవురా," అంది సరోజమ్మ.

"మరి గిదేంది బావా? నేన్ లేకుంట చెయ్యమన్నవా? కోపముంటే మొఖం మీదనే చెప్పరాదు? నలుగుర్ల పిలిచి సూపియ్యాల్నా?"

"అరే శంకర్, నిన్ను తియ్యమనలేదు! ఒట్టు!"

"అంటే ఎవర్నో తియ్యమన్నవు గద?"

సేటు నోరు తెరిచాడు. పక్క కుర్చీలో ఉన్న రమేశ్‌ను చూశాడు. నోరు మూశాడు. కొత్త వియ్యాలవారి ఇంటి అల్లుడి పేరు ఎలా చెబుతాడు?

"చెప్పు బావా. ఎవర్ని?"

"గాయన్ని..."

"ఏ గాయన్ని?"

"ఎవర్ని మామా?" అని రమేశ్ కూడా ఎంతో ఆసక్తిగా ముందుకు వంగాడు.

సేటు నా వైపు చూశాడు. ఆ చూపులో పెళ్లి ఖర్చంతా ఉంది. నేను ముందుకు నడిచాను.

"అన్నా, సేటు తప్పు లేదు. ఎవర్నీ తియ్యమనలేదు. నేనే కొత్త మిషన్‌తోని ఆటలాడిన. మీ మొఖమే అన్నిట్ల కనపడ్డది, చెయ్యి జారింది. నన్ను తిట్టుర్రి."

"చెయ్యి జారితే గింత సక్కగ మనిషి పోతడా చెల్లే?" అన్నాడు శంకరన్న. నిజమే, అంత చక్కగా ఎవరి చెయ్యీ జారదు. ఆయన తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నడువమ్మా, పోదాం."

సరోజమ్మ గుమ్మానికి అడ్డం వెళ్లింది. ఇన్నేళ్లకు ఒకటైన అక్కాతమ్ముళ్లను నేను ఒక్క గీతతో విడదీశానని అర్థమై, నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు వినిపించింది రమేశ్ గొంతు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఏమాత్రం అంతుపట్టని గొంతు.

"గింత పరేషాన్ ఎందుకు? నా ఫోన్ల అంత ఉన్నది. కెమెరావాళ్లకు గూడ దొరకలేదు, అందరికంటె ముందర నేనే ఉంటి గద!"

ఎవరైనా ఏమైనా అనేలోపే తన ఫోన్‌ను టీవీకి కలిపేశాడు.

తెర నిండా శంకరన్న మొహం. మా కెమెరా ఎన్నడూ వెళ్లలేనంత దగ్గరగా ఉంది. బుట్ట అంచు ఆయన గడ్డానికి ఆనుకుంది. మీసాల మీద చెమట, చెంపల మీద కన్నీళ్లు. వెనకాల బ్యాండు మోత. ఆ మోతలో ఆయన శ్రావణితో ఏదో అంటున్నాడు. మా కెమెరాకు ఆ మాట అందనే లేదు. రమేశ్ ఫోన్ అంత దగ్గర ఉండబట్టి అందింది.

"కదలకు బిడ్డా. నేన్ పట్టుకున్న. ఇన్నేండ్లు పట్టుకోలే, ఇయ్యాల ఇడువ."

సరోజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శ్రావణి లేచి వచ్చి మేనమామ భుజం మీద తల ఆనించింది. ముసలామె టీవీ వైపు చూపిస్తూ, "ఇల్లే ఇద్దానల్ల!" ఇక్కడే ఉన్నాడుగా అని అందరికీ చెప్పింది, తనే వెతికి తెచ్చినట్టు. విఠల్ సేటు శంకరన్న దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. ఎందుకంటే నేను ఒక స్తంభం వెనక నిలబడి పట్టుచీర పాడయ్యేలా ఏడుస్తున్నాను.

అంతా సద్దుమణిగి టీలు వచ్చాక సేటు నా పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు.

"శోభమ్మా, గాయన్ని తియ్యకు."

"ఎవర్ని సేటు?"

"ఎవర్నీ తియ్యకు తల్లీ. మొత్తం ఉంచు. నన్ను గూడ ఉంచు."

రమేశ్ మాత్రం వెళ్లేటప్పుడు నా చేతికి తన నంబరు ఇచ్చి, "మీ వీడియోల నా వీపు ఎక్కువున్నది, జర మొఖం పెంచుర్రి," అని చెప్పి వెళ్లాడు.

వికారాబాద్ వెళ్లాక సత్తన్నకు జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. బకెట్ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. తరవాత కళ్లు తుడుచుకుని మిషన్ ముందు కూర్చోమన్నాడు. నేను గీసిన గీతను చెరిపేశాను. అంతే. శంకరన్న వచ్చేశాడు. గొడుగు కిందికీ, బకెట్ వెనక్కీ, బుట్ట కిందికీ, ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా, పోయిన చోటికే తిరిగి వచ్చాడు. మేం తీసిన అసలు వీడియోను ఆ మిషన్ తాకనే లేదు. టేపు రోజుల్లో అయితే చెరిపింది చెరిగిపోయినట్టే, మళ్లీ ఆ పెళ్లి చెయ్యాల్సిందే. నేను ఆ తెరకు చేతులెత్తి దండం పెట్టాను. నేను ఏం చెప్పానో అది తు.చ. తప్పకుండా చేసింది, తప్పు చెప్పాక వెనక్కి తీసుకుంటానంటే ఒక్క మాట అనకుండా ఒప్పుకుంది. దాని మీద నాకున్న ప్రేమ ఆ రోజు ఇంకాస్త పెరిగింది. నా మీద నాకున్నది కొంచెం తగ్గింది, తగ్గాల్సిందే. రమేశ్ ఫోన్‌లోని ముక్కను బుట్ట ఘట్టం మధ్యలో పెట్టాను. వెనక ఉన్నదంతా దానంతట అదే పక్కకు జరిగి చోటిచ్చింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను గౌరవంగా తప్పుకునేదాన్ని. కానీ కొత్త వీడియో తీసుకోవడానికి వచ్చిన శంకరన్న, "పాతది గూడ ఇయ్యి చెల్లే, బుట్ట గాల్లకెళ్లి వచ్చేది," అన్నాడు. ఎందుకన్నా అంటే, "ఉండనీ," అన్నాడు. తరవాత తెలిసింది, తాండూరులో ఆయన టీ తాగే ప్రతి హోటల్లోనూ అది ఫోన్‌లో చూపిస్తున్నాడట. "సూడు, గిది నేనే మోస్తున్న. కనబడ్త లేనంతే," అని చెబుతున్నాడట.

ఆ తరవాతి పెళ్లిళ్ల సీజన్‌లో పరిగి నుంచి ఒక పెద్దమనిషి మా స్టూడియోకి వచ్చాడు.

"మా మేనగోడలి పెండ్లి ఉన్నదమ్మా. మీరే మిక్సింగ్ చెయ్యాలె. బుట్ట నేనే మోస్త."

"మంచిదన్నా. మంచిగ కనబడేటట్టు చేస్త."

"అయ్యో, కనబడొద్దు!" అన్నాడాయన కంగారుగా. "నన్ను మాయం చెయ్యాలె. తాండూరు శంకరన్నను చేసినరు గద, గట్ల!"

కాబట్టి పాఠకులారా, మా స్టూడియోలో కంప్యూటర్ మీద కుడిచెయ్యి వేసి, సత్తన్న ఎదుట నిలబడి నేను ప్రమాణం చేశాను. ఇకమీదట పేరు, వరస, ఫొటో మూడూ చేతికందితే తప్ప, ఏ రంగు చొక్కా వేసుకున్నవాడినైనా సరే, ఏ పెళ్లిలోంచీ తీయను. మేనమామ జోలికైతే చచ్చినా పోను. ఆయనంతట ఆయనే వచ్చి, వాళ్లక్కను వెంటబెట్టుకొచ్చి, నన్ను మాయం చెయ్యి తల్లీ అని బతిమాలితే తప్ప. ఈ సీజన్‌లో ఇప్పటికే ముగ్గురు వచ్చారు.